కప్పు కింద వంతెన

మా కోనసీమ పల్లెలో పంటకాలవ దాటాలంటే తాటిదుంగే ఆధారం. నిలువునా చీల్చిన రెండు బద్దలు పక్కపక్కన పరిచి, కొసలు కదలకుండా గట్లమీద మట్టి ఎత్తి వదిలేసేవారు. నెత్తిన గడ్డిమోపులతో ఆడవాళ్లు దానిమీద చకచకా దాటిపోయేవారు. మూడు నాలుగు వానాకాలాలు గడిచేసరికి మట్టిలో ఉన్న కొసలు మెత్తబడేవి. బొటనవేలితో నొక్కితే గుజ్జు ఊడివచ్చేది. అప్పుడు ఇంకో చెట్టు కొట్టేవారు. అదే జాతి చెట్టు, అదే పోతుతాటి చేవ, మా పెంకుటింట్లో ముత్తాతగారి కాలం నుంచి దూలమై పైకప్పు మోస్తూనే ఉంది. దానికి మేకు కొడితే మేకే వంగుతుంది. ఆ దూలం కింద పడుకుని, ఆ దుంగమీద నడిచి బడికి వెళ్లిన నాకు ఈ తేడా ఎందుకో ఎప్పుడూ తట్టలేదు. తట్టింది అమెరికా వచ్చి న్యూ జెర్సీలోని పిస్కాటవేలో కాపురం పెట్టిన పదేళ్లకు, నాన్నను వెంటబెట్టుకుని ఒక వాగు దగ్గరికి వెళ్లిన రోజున.

నాన్న ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చాడు. నయాగరా, వాషింగ్టన్ అన్నీ నెల తిరక్కుండానే అయిపోయాయి. ఆ తర్వాత ఆయనకు మిగిలింది పొద్దున్నే నడక. రారిటన్ నది ఒడ్డున జాన్సన్ పార్కులో నడిచి, లాండింగ్ లేన్ వంతెన ఎక్కి, అవతలి ఒడ్డున నదికి సమాంతరంగా సాగే పాత కాలవ చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు ఇంటికొచ్చి కాఫీ గ్లాసు పుచ్చుకుంటూ అడిగాడు.

"ఏరా, ఆ కాలవకి తల ఎక్కడ?"

డెల్టా రైతు కాలవను చూస్తే అడిగే మొదటి ప్రశ్న అదే. నీళ్లు పక్కనే ఉన్నాయి కదా అని సరిపెట్టుకోడు. అవి ఏ ఆనకట్ట దగ్గర, ఏ తూములోంచి బయల్దేరాయో తెలియాలి. నేను పదేళ్లుగా ఆ వంతెనమీద కారు నడుపుతున్నాను. నాకు ఆ ప్రశ్న రాలేదు.

కాలవ పేరు డెలావేర్ అండ్ రారిటన్ కెనాల్. 1830లో తవ్వడం మొదలుపెట్టి 1834లో తెరిచారు. పలుగూ పారా పట్టినవాళ్లలో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కూలీలు. గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది కాబట్టి ఇది దానికి కాస్త ముందరి తరం కాలవ. బోర్డెన్‌టౌన్ నుంచి ఇక్కడి న్యూ బ్రన్స్‌విక్ దాకా అసలు కాలవ 44 మైళ్లు. దానికి నీళ్లు తెచ్చే పిల్లకాలవ 22 మైళ్లు, డెలావేర్ నది ఒడ్డున రేవెన్ రాక్ అనే చోట మొదలవుతుంది. పెన్సిల్వేనియా బొగ్గు ఈ దారినే న్యూయార్కుకు చేరేది. గట్టుమీద కంచరగాడిదలు తాడు లాగేవి, నీళ్లలో పడవ కదిలేది. లాకులున్నాయని చెప్పగానే నాన్న ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు మా లాకుల దగ్గర ధాన్యం పడవలు వంతుకోసం బారులు తీరి ఉండటం ఆయన చూశాడు. 1932లో ఇక్కడ పడవలు ఆగిపోయాయి కానీ నీళ్లు ఆగలేదు. సెంట్రల్ న్యూ జెర్సీలో లక్షలమంది తాగే నీటికి ఈ కాలవ ఇప్పటికీ ఒక ఆధారం.

అలా ఒక ఆదివారం కాలవ తల చూడటానికి బయల్దేరాం. బ్రిడ్జ్‌వాటర్‌లో ఆగి వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని, పులిహోర పొట్లం కట్టించుకుని, 202 రోడ్డు మీదుగా ఫ్లెమింగ్టన్ చేరాం. అక్కడినుంచి 523 పట్టుకుంటే మొక్కజొన్న చేలు మొదలవుతాయి. సార్జంట్స్‌విల్ అనే చిన్న ఊళ్లో కుడివైపు 604 రోడ్డు చీలింది. అక్కడ ఒక పాత వంతెన ఉందని విని ఉన్నాను, ఒకసారి చూసి పోదామని తిప్పాను. మైలు దూరం వెళ్లామో లేదో దారి పల్లంలోకి దిగింది. ఎదురుగా తెల్లరంగు చెక్కల గోడలు, రెండువైపులకీ వాలిన కప్పు, నడిమధ్య చీకటి.

"ఇదేంట్రా, దారికడ్డంగా గొడ్లసావిడి కట్టారు?" అన్నాడు నాన్న.

అది సావిడి కాదు. గ్రీన్ సార్జంట్స్ కవర్డ్ బ్రిడ్జి. 84 అడుగుల పొడవు, ఒక బండి మాత్రమే పట్టే వెడల్పు. కింద పారేది విక్కచోకి వాగు. న్యూ జెర్సీ రాష్ట్రంలో పందొమ్మిదో శతాబ్దం నాటి కప్పు వంతెనల్లో రోడ్డుమీద మిగిలింది ఇదొక్కటే.

కారు దూరంగా ఆపి నడిచి లోపలికి వెళ్లాం. అడుగు పెట్టగానే పాత చెక్క వాసన, పాదాల కింద బల్లల చప్పుడు. పలకల సందుల్లోంచి ఎండ చారలుగా పడుతోంది. నాన్న ముందు పైకి చూశాడు, తర్వాత పక్కలకు, తర్వాత వంగి కిందికి. "కప్పు ఎవరికోసం వేశారంటావ్? మనుషులకా, గుర్రాలకా?" అన్నాడు.

ఈ ప్రశ్నకు అమెరికా పల్లెల్లో జవాబులు బోలెడు. నీళ్లు కనిపిస్తే గుర్రం బెదురుతుంది, సావిడిలా ఉంటే ధైర్యంగా దాటుతుందని కొందరంటారు. వానొస్తే బాటసారి తలదాచుకోవడానికని కొందరు. చలిదేశం కదా, దారిమీద మంచు పేరుకోకుండా అని ఇంకొందరు. ఈ చివరిది మాత్రం బొత్తిగా తిరగబడిన మాట. ఆ రోజుల్లో శీతాకాలం ప్రయాణాలు చక్రాలు లేని జారుడు బళ్లమీద సాగేవి. వాటికి మంచు ఉంటేనే దారి. కప్పు వల్ల వంతెన లోపల మంచు పడేది కాదు కాబట్టి, పారలతో బయటినుంచి మంచు తెచ్చి లోపల బల్లలమీద పరిచే పని కూడా ఒకటి ఉండేది.

అసలు జవాబు నాన్నే చెప్పాడు, నేను నోరు తెరిచేలోపు. నిలువు స్తంభం అడుగు దూలాన్ని కలిసే చోట అరచేయి ఆనించి చూశాడు. "పొడిగా ఉందిరా. కర్రకోసమే వేశారు కప్పు. మన రథంపాక లాగ."

మా ఊరి రథం ఏడాదికి ఒక్కరోజు కదులుతుంది. మిగిలిన రోజులన్నీ రేకుల పాకలో ఉంటుంది. దేవుడు గుళ్లోనే ఉంటాడు, పాక దేవుడికి కాదు, టేకు చక్రాలకి. వానకు తడిసి ఎండకు పగిలే చెక్కకు ఆయుష్షు లేదని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. చెక్కను తినేది నిజానికి నీరు కాదు, నీటిని ఆశ్రయించి పెరిగే బూజుజాతి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం ఆ బూజు తలెత్తలేదు. అందుకే మా ఇంటి దూలం అలా ఉంది, కాలవమీద దుంగ అలా పోయింది. వంతెనలో మరీ ప్రమాదం అతుకుల దగ్గర. ఒక దుంగకు నాలుకలా చెక్కి, రెండోదానికి బెజ్జం తవ్వి, అందులో దిగగొట్టి కర్రచీల వేస్తారు. ఆ బెజ్జంలోకి దిగిన వాననీరు ఎండలో ఆరిపోదు, లోపలే ఉండిపోతుంది. బరువంతా వచ్చి నిలిచేది కూడా సరిగ్గా ఆ అతుకు మీదే. వంతెన కుళ్లడం కనబడకుండా అక్కడ మొదలై, ఒకరోజు బండి కింద బయటపడుతుంది.

ఇంత తేలిగ్గా తోచే సంగతి అమెరికాలో వంతెనల దాకా రావడానికి 1805 దాకా పట్టింది. ప్రపంచంలో అదే మొదటిదని కాదు. చైనాలో గాలివాన వంతెనలని పిలిచేవి ఉన్నాయి. స్విట్జర్లండ్‌లో లూసర్న్ నగరపు చెక్కవంతెన పద్నాలుగో శతాబ్దం నాటిది. అమెరికాలో మాత్రం ఈ కథ ఫిలడెల్ఫియాలో, స్కూల్‌కిల్ నది ఒడ్డున మొదలైంది.

ఆ నదిమీద అప్పటిదాకా నీళ్లలో తేలే వంతెనలే ఉండేవి. వరద వస్తే కొట్టుకుపోయేవి. ఈసారి కట్టేది నిలిచి ఉండాలని పట్టుబట్టి, పేరే పర్మనెంట్ బ్రిడ్జి అని పెట్టుకుంది అక్కడి కంపెనీ. 1800లో పునాదిరాయి వేశారు. నదిలో రెండు రాతి స్తంభాలు. పడమటి స్తంభం కోసం ఇంగ్లండు ఇంజనీరు విలియం వెస్టన్ గీసిన పటం ప్రకారం నీళ్లలో చెక్కల కోట కట్టి, లోపలి నీరు తోడి, బురద తవ్వి, నీటిమట్టానికి 40 అడుగులకు పైగా లోతున బండరాయి తగిలాక రాయి పేర్చారు. ఖర్చు కంపెనీని కుంగదీసింది. పైన రాతి కమానులు కట్టాలని మొదటి ఆలోచన. అంత డబ్బు లేక చెక్కకు దిగారు. అప్పుడు పిలిపించిన మనిషి తిమోతి పామర్. మసాచుసెట్స్‌లో న్యూబరీపోర్ట్ నుంచి వచ్చిన వడ్రంగి మేస్త్రి, చెక్క కమానులు నిలపడంలో ఆనాటికి ఆయన్ని మించినవాడు లేడు. నడుమ 195 అడుగులు, అటూ ఇటూ 150 అడుగుల చొప్పున మూడు అంగలు వేసి నది దాటించాడు.

కప్పు ఆలోచన పామర్‌ది కాదు. కంపెనీ అధ్యక్షుడు రిచర్డ్ పీటర్స్‌ది. ఆయన ఫెడరల్ జడ్జి. అంతకన్నా మనకు ముఖ్యం, వ్యవసాయం మీద ప్రాణం పెట్టిన మనిషి. ఫిలడెల్ఫియా వ్యవసాయ సంఘానికి అధ్యక్షత వహించినవాడు. అంత ఖర్చుపెట్టి కట్టిన చెక్కను ఆరుబయట వదిలేయడం సావిడి ఉన్న రైతుకు మనసొప్పదు. కప్పు పుట్టింది ఇంజనీరు బల్లమీద కాదు, రైతు గుండెలో అని నా నమ్మకం. పీటర్స్ అడిగితే పామర్ ఏమన్నాడో ఆయన ఉత్తరం ఇప్పటికీ ఉంది. కప్పు లేకపోతే ఈ వంతెన 10, 12 ఏళ్లలో శిథిలమవుతుంది, బాగా కప్పితే 30, బహుశా 40 ఏళ్లు ఉంటుంది అని రాశాడు. కప్పు వేయమనడం నా సంపాదనకే దెబ్బ అని కొందరు అంటున్నారని కూడా అందులోనే చెప్పుకున్నాడు. పాత వంతెన కూలితేనే కదా వంతెనల మేస్త్రికి కొత్త పని. అయినా వేయమనే చెప్పాడు. పనిమీద ప్రేమ ఉన్నవాడి ఉత్తరం అది. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం అదే.

కప్పు, గోడలు గీసినవాడు అదే ఊరి వడ్రంగి ఓవెన్ బిడిల్. అదే 1805లో తాను అచ్చువేసిన వడ్రంగం పాఠ్యపుస్తకంలో ఈ వంతెన బొమ్మ కూడా చేర్చాడు. పామర్ చెప్పిన 40 ఏళ్లూ దాటిపోయాయి. 1850లో రైలు నడపడానికి దాన్ని వెడల్పు చేసి మార్చారు. 1875 నవంబరులో నిప్పంటుకుని కాలిపోయింది. నీళ్లనుంచి కాపాడిన కప్పు నిప్పునుంచి కాపాడలేదు. ఎండి కూర్చున్న చెక్క, రెండు కొసలా తెరిచిన గొట్టంలాంటి ఆకారం, అందులోంచి దూసుకెళ్లే గాలి ఉంటే మంటకు ఇంకేం కావాలి! 1993లో లూసర్న్ వంతెన చాలా భాగం పోయిందీ మంటకే. మన అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో రథశాలలో ఉండగానే కాలిపోయిన రోజు కోనసీమలో ఇళ్లలో పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. అమ్మ ఫోన్లో ఏడ్చింది. కొత్త రథం చేసి 2021 ఫిబ్రవరిలో ఉత్సవం వేళకు నిలబెట్టారు.

ఫిలడెల్ఫియా కప్పును చూసి తూర్పు రాష్ట్రాల్లో చెక్క వంతెనలు గోడలు, కప్పు తొడుక్కోవడం మొదలుపెట్టాయి. అలా కప్పు ఉంటుందన్న భరోసా దొరికాక, లోపలి చెక్క అమరికలో మేస్త్రుల బుర్రలు విచ్చుకున్నాయి.

వీళ్లలో థియోడర్ బర్ మా న్యూ జెర్సీ గుమ్మంలోనే పని చేశాడు. ట్రెంటన్ దగ్గర డెలావేర్ నదిమీద వెయ్యి అడుగుల పొడవున ఆయన కట్టిన వంతెన 1806 జనవరిలో తెరుచుకుంది. పెద్ద చెక్క కమానులు ఎత్తి, వాటినుంచి దారిని ఇనుప గొలుసులతో వేలాడదీశాడు. తర్వాత కమానునూ త్రికోణాల చట్రాన్నీ ఒకదానికొకటి బిగించే పద్ధతికి 1817లో పేటెంటు తీసుకున్నాడు. పెన్సిల్వేనియాలో ఇప్పటికీ సుమారు 200 కప్పు వంతెనలు మిగిలి ఉన్నాయి. వాటిలో అత్యధికం బర్ పద్ధతివే. ఆయన మాత్రం 1822లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు. సమాధి ఎక్కడో కూడా ఎవరికీ తెలియదు.

ఇథియల్ టౌన్ దారి వేరు. ఆయన వాస్తుశిల్పి. పెద్ద దుంగలు, నైపుణ్యమున్న వడ్రంగులు ప్రతి పల్లెలోనూ దొరకరని గ్రహించాడు. 1820లో ఆయన పేటెంటు తీసుకున్న చట్రం చూస్తే మనకు చప్పున తడిక గుర్తొస్తుంది. రంపపు మిల్లులో కోసిన మామూలు పలకలను ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసి, కలిసిన ప్రతిచోటా కర్రచీలలు దిగగొట్టడమే. ఒక పలక పుచ్చినా మిగిలినవి బరువు పంచుకుంటాయి. ఊళ్లో ఉన్న వడ్రంగే కట్టుకోవచ్చు. టౌన్ మాత్రం అడుగుకు ఒక డాలరు చొప్పున వసూలు చేసేవాడు. అడగకుండా కట్టినవాళ్లు దొరికితే రెండు డాలర్లు. తడికకు రాయల్టీ ఏంటని నాన్న విస్తుపోయాడు.

1840లో విలియం హౌ నిలువు కర్రల బదులు ఇనుప ఊచలు పెట్టాడు. అక్కడినుంచి ఇనుము ఒక్కొక్క అడుగూ లోపలికి వచ్చి, చివరికి చెక్కను బయటికి పంపింది. వడ్రంగి అనుభవంతో కట్టిన చట్రంలో ఏ కర్రమీద ఎంత బరువు పడుతుందో లెక్కకట్టి చెప్పే పుస్తకం స్క్వైర్ విపుల్ 1847లో రాశాడు. అంటే అప్పటికే నాలుగు దశాబ్దాలుగా జనం, బళ్లు, మందలు ఆ లెక్క తెలియని వంతెనలమీద దాటుతున్నాయన్నమాట. మేస్త్రి చేతికి తెలిసింది కాగితానికి తర్వాత తెలిసింది.

విక్కచోకి మీది వంతెన చట్రం వీటన్నిటికంటే సాదా. అటూ ఇటూ రెండు నిలువు స్తంభాలు, వాటి తలలు కలుపుతూ ఒక అడ్డదూలం, ఒడ్డునుంచి స్తంభం తలకు ఎగబాకే ఏటవాలు దుంగలు. మన పెంకుటింటి కప్పు కింద వాసాలు బరువును గోడలకు ఎలా దింపుతాయో అదే సూత్రం. ఈ వంతెనను 1872లో కట్టిన మేస్త్రి చార్లెస్ ఆగ్డెన్ హోల్‌కోంబ్. కింద ఒడ్డురాళ్లు అంతకన్నా పాతవి. 1750 నాటి వంతెనకు పేర్చినవే మళ్లీ వాడుకున్నారు. ఆ చుట్టుపక్కల కాపురమున్న రిచర్డ్ గ్రీన్ సార్జంట్ పేరే వంతెనకు నిలిచిపోయింది. అప్పటికి ఇనుప వంతెనలు వచ్చేసి చాలా కాలమైంది. అయినా పల్లెవాగు మీద చెక్కే చవక, చేయి తిరిగిన పని.

ఆ తర్వాత ఎనభై ఏళ్లలో రాష్ట్రంలో ఒక్కొక్కటీ రాలిపోయాయి. లారీలు వచ్చాయి. కప్పు ఎత్తు చాలదు, వెడల్పు చాలదు. డెలావేర్ నదిమీద చిట్టచివరి కప్పు వంతెన పోర్ట్‌లండ్, కొలంబియా ఊళ్ల మధ్య ఉండేది. 1869లో తెరిచారు, దాదాపు 800 అడుగుల పొడవు. పక్కన కొత్త రోడ్డు వంతెన వచ్చాక దాన్ని నడిచేవాళ్లకు వదిలేశారు. 1955 ఆగస్టులో కోనీ, డయాన్ అని రెండు తుపానులు వారం తేడాతో వచ్చి పడ్డాయి. 19వ తేదీన నది దాన్ని ఎత్తుకుపోయింది. తుపాను వెనక తుపాను అంటే ఏమిటో తీరంవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక గ్రీన్ సార్జంట్స్ ఒక్కటి మిగిలింది. 1960లో ఒక వాహనం గుద్దుకుని అదీ దెబ్బతింది. వంతెన మూసేశారు. దాన్ని తీసేసి కాంక్రీటు వంతెన వేయాలన్న ఆలోచన సాగింది. పాలకుల వైపునుంచి చూస్తే అందులో తప్పుపట్టడానికేమీ లేదు. దారి మూసుకుపోయింది, బళ్లు ఆగిపోయాయి, సరుకు ముందుకు పోవాలి. కానీ అక్కడి జనం ఒప్పుకోలేదు. ఊరివాళ్లు, రాష్ట్రం నలుమూలల్లో కప్పు వంతెనలంటే మక్కువ ఉన్నవాళ్లు కలిసి గట్టిగా నిలబడ్డారు. పాత దుంగలను పారేయనివ్వలేదు. 1961లో ఆ కర్రతోనే, అదే ఒడ్డురాళ్ల మధ్య వంతెనను తిరిగి నిలబెట్టారు. ఈ కాలపు బళ్ల బరువు మోయడానికి ఉక్కు సాయం చేర్చారు. రాకపోకలన్నీ ఒకే చెక్క గుమ్మంలోంచి సాగక్కర్లేకుండా పక్కనే మామూలు వంతెన ఒకటి వేసి, వెళ్లే బళ్లకు ఒకటి, వచ్చే బళ్లకు ఒకటిగా పంచారు. 1974లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది.

ఉక్కు చేరాక ఇంకా పాత వంతెనేనా అని అడిగేవాళ్లుంటారు. నేను అవుననే అంటాను. రథానికి చక్రం మారిస్తే కొత్త రథం అనం. పైగా ఇక్కడ ఎవరూ దాన్ని గాజుపెట్టెలో పెట్టలేదు. మేమున్న అరగంటలో పాలబండి వెళ్లింది, గుర్రాలను ఎక్కించిన ట్రెయిలరు పక్క వంతెనమీదుగా ఎదురు దిశలో పోయింది, ఇద్దరు ఆడపిల్లలు సైకిళ్లమీద లోపలికొచ్చి, పేరు పెట్టి అరిచి, ప్రతిధ్వని విని నవ్వుకుంటూ పోయారు.

ఇదే రాష్ట్రంలో చెర్రీ హిల్ ఊళ్లో మరో కప్పు వంతెన ఉంది. బాబ్ స్కార్‌బరో అనే ఇళ్ల నిర్మాత బార్క్లే ఫామ్ కాలనీ వేస్తూ కూపర్ నది ఉత్తరపాయ మీద కట్టించాడు. 1959 ఫిబ్రవరి 14న ప్రారంభించారు. ఆ తేదీ ఎంచుకోవడంలో అర్థముంది. చీకటి మాటున ఒక్క నిమిషం దొరుకుతుందని కప్పు వంతెనలకు ముద్దుల వంతెనలని జానపద నామం. అక్కడ కప్పు చెక్కను కాపాడటానికి కాదు, ఊరు మనసుకు. కొత్త కాలనీకి పాతదనం కావాలనిపించింది. దాన్ని తక్కువ చేయను. ఆరు దశాబ్దాలుగా అక్కడి పిల్లలకు అదే తమ ఊరి గుర్తు. కానీ నాన్నతో నిలబడి అరచేత్తో తడిమి చూడటానికి మాత్రం నాకు విక్కచోకి మీదిదే కావాలి.

నాన్న వాగు ఒడ్డుకు దిగి, నీళ్లు ఎటు పోతున్నాయో చూసి, "ఇది ఎందులో కలుస్తుంది?" అన్నాడు. ఫోన్లో పటం తీశాను. స్టాక్టన్ ఊరి పక్కన, ప్రాల్స్‌విల్ మిల్లుల దగ్గర ఈ వాగు డెలావేర్ ఒడ్డుకు చేరుతుంది. అక్కడ దానికి అడ్డంగా ఉన్నది మేము వెతుక్కుంటూ వచ్చిన పిల్లకాలవే. వాగునీరు అందులో పడుతుంది. వంతెన కిందినుంచి వెళ్తున్న ఈ నీళ్లలో కొన్ని ట్రెంటన్ దాకా దిగి, అక్కడ అసలు కాలవలోకి మళ్లి, లాకులు ఒక్కొక్కటే దాటి, చివరికి లాండింగ్ లేన్ దగ్గర నాన్న రోజూ పొద్దున్నే నిలబడే చోటికి చేరతాయి.

"అయితే మనం నీళ్లకి ఎదురొచ్చామన్నమాట," అన్నాడు.

స్టాక్టన్ వెళ్లాం. ప్రాల్స్‌విల్‌లో పాత పిండిమర పక్కన కూర్చుని పులిహోర తిన్నాం. రేవెన్ రాక్ దాకా వెళ్లి కాలవ తల కూడా చూపించాను. అక్కడ ఆయన చాలాసేపు నిలబడ్డాడు. కాలవమీద వంతెనలకు కప్పు ఎందుకు లేదని అడిగాడు. తెరచాప కొయ్యలున్న పడవలకు దారివ్వడానికి ఆ వంతెనలన్నీ పక్కకు తిరిగేవని, ప్రతిదానికీ ఒక కాపలాదారు, ఆయనకు ఒక చిన్న ఇల్లు ఉండేవని చెప్పాను. కదిలేదానికి కప్పెందుకులే అని తనే సర్దిచెప్పుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ సార్జంట్స్‌విల్ మీదుగానే వద్దామన్నాడు. ఈసారి వాన అందుకుంది. వంతెన పక్కన కారు ఆపి, గొడుగు లేక పరుగున లోపలికి పోయాం. కప్పుమీద వాన హోరు. రెండు గుమ్మాల దగ్గర బల్లలు బారెడు మేర తడిశాయి. దాని లోపల పొడి. నాన్న ఆ తడీ పొడీ కలిసే గీత దగ్గర గొంతుక్కూర్చుని వేలితో దాని వెంట గీశాడు. గోడపలకలకు బయటివైపు నీరు కారుతోంది. లోపలి దుంగలకు చుక్క అంటలేదు. వాన తగ్గేదాకా ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

పిస్కాటవే చేరి, భోజనాలయ్యాక, తొమ్మిది దాటాక నాన్న ఫోను తీశాడు. అక్కడ పొద్దున్న ఆరున్నర. పెదనాన్న పాలు పితికి వచ్చే వేళ.

"అన్నయ్యా, లేచావా? మొన్న గాలికి రథంపాక మీద రేకు లేచిపోయిందన్నావ్ కదా. వేయించారా?"

అవతలినుంచి ఏదో జవాబు.

"పండగ దాకా ఆగడం ఏంటి? ఇవాళే మనిషిని పిలు. డబ్బులు వీడు పంపుతాడు. రేకొచ్చేలోపు చక్రాలమీద తాటాకులైనా కప్పించు. అతుకుల దగ్గర తడుస్తోందేమో చెయ్యి పెట్టి చూడు. నేను లైన్లోనే ఉంటాను, వెళ్లి చూసి చెప్పు."

ఫోను స్పీకరులో పెట్టి బల్లమీద ఉంచాడు. పెదనాన్న చెప్పుల చప్పుడు, వీధి తలుపు గొళ్లెం, ఎవరిదో కోడికూత వినబడ్డాయి.